తెలుగువారికి ఆంగ్ల ప్రిపొజిషన్లు

ఆంగ్ల భాషలో నామవాచకమునకు గాని సర్వనామమునకు గాని ముందు నిలిచి, వాక్యములోని ఇతర పదములతో దానికి గల సంబంధమును తెలిపే పదమును ప్రిపొజిషన్ అంటారు. ఇన్, ఆన్, ఎట్, టు, ఫ్రమ్, బై, విత్, ఫర్, ఆఫ్ మొదలైనవి ఇందుకు ఉదాహరణలు. తెలుగులో ఈ పనిని విభక్తి ప్రత్యయములు, మీద, కింద, దగ్గర వంటి పదములు చేస్తాయి. అయితే ఇవి నామవాచకమునకు తరువాత వస్తాయి. ఈ ఒక్క భేదము వలన తెలుగు మాతృభాషగా గలవారికి ఆంగ్ల వ్యాకరణములో అన్నిటికంటె ఎక్కువ కాలము ఇబ్బంది పెట్టే భాగము ఇదే అవుతున్నది. కాలములు, ఏకవచన బహువచనములు పదవ తరగతి నాటికి కుదుటపడిన విద్యార్థులు కూడా పట్టభద్రులైన తరువాత ఇన్, ఆన్, ఎట్ ల వద్ద తడబడుట సాధారణము. ఈ వ్యాసములోని ఉదాహరణలు చాలావరకు నారాయణపేట జిల్లా కోస్గి పరిసరముల వాడుకకు సంబంధించినవి.

పేరు గురించి

ప్రిపొజిషన్ అనే మాటకు తెలుగులో స్థిరపడిన పారిభాషిక పదము లేదు. దీనిని ఉపసర్గ అనుట సరికాదు. ప్ర, పరా, అప, సమ్ మొదలైన 22 సంస్కృత ఉపసర్గలు ధాతువులకు ముందు చేరి అర్థమును మార్చేవి; అవి నామవాచకములకు గల సంబంధమును తెలుపవు. విభక్తి అనుట అర్థమును బట్టి సబబే గాని స్థానమును బట్టి కాదు. అందుచేత తరగతి గదులలో ప్రిపొజిషన్ అనే మాటే వాడుకలో ఉన్నది, ఇక్కడ కూడా అదే వాడబడినది.

తెలుగు విభక్తులు, ఆంగ్ల విభక్తులు

తెలుగు వ్యాకరణములో విభక్తులు ఎనిమిది. డు, ము, వు, లు ప్రథమా విభక్తి. ని, ను, ల, కూర్చి, గురించి ద్వితీయ. చేత, చే, తోడ, తో తృతీయ. కొరకు, కై చతుర్థి. వలన, కంటె, పట్టి పంచమి. కి, కు, యొక్క, లో, లోపల షష్ఠి. అందు, న సప్తమి. ఓ, ఓరి, ఓయి, ఓసి సంబోధన. ఈ పట్టికను పాఠశాలలో పిల్లలు కంఠస్థము చేస్తారు. ఇది సంస్కృత వ్యాకరణపు చట్రములో తెలుగు ప్రత్యయములను అమర్చిన పట్టిక. కనుక లో అనే ప్రత్యయము షష్ఠిలోను, అదే అర్థము గల అందు సప్తమిలోను కనిపిస్తాయి. చతుర్థికి చెందవలసిన కి, కు షష్ఠిలో ఉన్నవి. ఈ పట్టికకు ఎదురుగా ఆంగ్ల పదములను వరుసగా వ్రాసుకొని కంఠస్థము చేస్తే ఆంగ్లము రాదు, ఉన్న తెలుగు కూడా గందరగోళమవుతుంది.

ఆంగ్లములో కూడా ఒకప్పుడు విభక్తులుండేవి. ప్రాచీన ఆంగ్లములో నామవాచకముల చివరి భాగము విభక్తిని బట్టి మారేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దములలో ఆ అంత్యాక్షరములు క్రమముగా అరిగిపోయినవి, వాటి పనిని నామవాచకమునకు ముందు వచ్చే చిన్న పదములు, వాక్యములోని పదక్రమము పంచుకొన్నవి. పాత పద్ధతి ఆనవాళ్ళు నేటికీ కొన్ని మిగిలి ఉన్నవి. 'రవీస్ బుక్' అన్నప్పటి చివరి సకారము వెనుక చేరే విభక్తియే. తెలుగు పిల్లలు దీనిని తేలికగా పట్టుకొంటారు. 'టూ ఇయర్స్ ఎగో' అనే ప్రయోగములో ఎగో తెలుగు 'క్రితం' వలెనే వెనుక వస్తుంది. 'ఐ వెంట్ హోమ్' అన్నప్పుడు టు లేకపోవుటకు కారణము కూడా ఇదే: పూర్వము గమ్యస్థానమును తెలిపే విభక్తి హోమ్ అనే పదములోనే ఇమిడి ఉండేది. తెలుగువారు 'ఇంటికి' అనే మాటను మనసులో ఉంచుకొని 'వెంట్ టు హోమ్' అనుట తరచుగా వినబడే పొరపాటు. 'ఇక్కడికి రా' అనుటకు 'కమ్ టు హియర్' అనుట దీని తోబుట్టువు.

కోస్గి ప్రాంతపు భాషలు

కోస్గి ఉమ్మడి మహబూబ్ నగర్ జిల్లాకు చెందిన పట్టణము, మండల కేంద్రము. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా ఏర్పడినప్పుడు కోస్గి మండలము ఆ జిల్లాలో చేరినది. ఇది కొడంగల్ శాసనసభ నియోజకవర్గములోనిది. ఆంధ్రప్రదేశ్ లోని కర్నూలు ప్రాంతపు కోసిగి వేరు. రెండు పేర్లు దగ్గరగా ఉండుట వలన పటములలో, దరఖాస్తులలో అప్పుడప్పుడు తారుమారు అవుతుంటాయి.

ఈ ప్రాంతము కర్ణాటక సరిహద్దుకు దగ్గర. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగే వరకు కొడంగల్ తాలూకా హైదరాబాదు రాష్ట్రములోని గుల్బర్గా జిల్లాలో ఉండేది. అందుచేత ఇక్కడివారికి తెలుగుతో పాటు దక్కనీ ఉర్దూ, కన్నడము చెవిన పడుతూ ఉంటాయి. సంతలో మూడు భాషలలో బేరమాడగలవారు అరుదు కాదు. అయితే ఈ మూడు భాషలు ఒక విషయములో ఒకటే: సంబంధమును తెలిపే మాటను మూడూ నామవాచకమునకు వెనుకనే చేరుస్తాయి. తెలుగువారు 'ఊరికి' అంటే కన్నడిగులు 'ఊరిగె' అంటారు; ఉర్దూలో 'గావ్ కో' అంటారు. కాబట్టి మూడు భాషలు వచ్చిన పిల్లవాడికి కూడా ఆంగ్లములోని ఈ అమరిక కొత్తదే. బహుభాషా జ్ఞానము ఆంగ్లమునకు సాయపడుతుందన్న మాట ఇతర విషయములలో నిజమే కావచ్చును గాని ఈ ఒక్క చోట చెల్లదు.

దీనికొక చిన్న మినహాయింపు ఉన్నది. ఉర్దూ ద్వారా తెలంగాణ తెలుగులోకి వచ్చిన పారసీక మాటలలో ముందు చేరే సంబంధ పదములు దాగి ఉన్నవి. 'బాజాప్తా' అనే మాటలోని 'బా' అనగా 'తో' అని అర్థము. జాప్తా అనగా నియమము. 'బేఫికర్' లోని 'బే' అనగా 'లేకుండా'. పలుకుతున్నవారికి ఈ విడదీత తెలియదు గాని, తెలియజెప్పినప్పుడు 'విత్', 'వితౌట్' అనేవి ముందెందుకు వస్తాయో పిల్లలు చప్పున గ్రహిస్తారు. రోడ్డు రవాణా సంస్థ బస్సుల పలకలపై కనిపించే 'వయా పరిగి' అనే మాటలోని వయా కూడా ఇటువంటిదే. తెలుగు లిపిలో రోజూ కళ్ళబడుతూ, పేరుకు ముందు నిలిచే మాటలలో ఇది బహుశా అందరికీ తెలిసినది.

ఇంతకు మించి రోజువారీ తెలుగులోకి ప్రిపొజిషన్లు రాలేదు. బస్సు, ఆఫీసు, కాలేజీ, ఫీజు, హాల్ టికెట్ వంటి నామవాచకములు వందలకొద్దీ వచ్చినవి; అయితే అవన్నీ 'బస్సులో', 'ఆఫీసుకు', 'కాలేజీ నుండి' అని తెలుగు ప్రత్యయములనే తగిలించుకొన్నవి. 'లైటు ఆన్ చెయ్యి' అన్నప్పటి ఆన్ ప్రిపొజిషన్ కాదు. 'బ్యాంక్ ఆఫ్ ఇండియా' వంటివి పేర్లుగా మాత్రమే వాడబడుతున్నవి. ఆ కారణము చేత వెయ్యి ఆంగ్ల నామవాచకములు వాడే వ్యక్తికి కూడా ఇన్, ఎట్ లను వాడే సందర్భము రోజులో ఒక్కటి కూడా రాకపోవచ్చును. ఆంగ్ల పదజాలము పెరిగినా వాక్యము కుదరకపోవుటకు ఇదొక ముఖ్య కారణము.

ఒక ప్రత్యయము, అనేక ప్రిపొజిషన్లు

తెలుగు ప్రత్యయమునకు ఒకే ఒక ఆంగ్ల పదము సమానమని భావించుట వలన పొరపాట్లు పుడతాయి. ముఖ్యమైనవి ఈ క్రింద చర్చించబడినవి.

కి, కు. వీటికి టు అని నేర్పుట పరిపాటి. 'రవికి పుస్తకం ఇచ్చాను', 'హైదరాబాదుకు వెళ్ళాను' అనే వాక్యములలో అది సరిపోతుంది. 'ఆరు గంటలకు' అనుటకు ఎట్ కావలెను. 'జ్వరానికి మందు' అనుటకు ఫర్ కావలెను. 'నాకు ఇద్దరు పిల్లలు' అనే వాక్యములో ప్రిపొజిషనే ఉండదు, వాక్యము మొత్తము 'ఐ హేవ్' అని మారిపోతుంది. 'నాకు ఆకలిగా ఉన్నది', 'నాకు తెలుసు', 'నాకు ఇష్టము' అనే వాక్యములు కూడా ఇట్టివే. తెలుగులో అనుభవము మనిషికి కలుగుతుంది. ఆంగ్లములో మనిషి అనుభవమునకు కర్త అవుతాడు. ఈ తేడా తెలిసినవారు సగము దూరము నడిచినట్లే.

లో. గది, పెట్టె, ఊరు అన్నప్పుడు ఇన్ సరిపోతుంది. బస్సు, రైలు, విమానము విషయములో ఆన్ అనుట వాడుక. కారు, ఆటో విషయములో ఇన్. లోపల నిలబడి తిరుగగలిగిన వాహనమునకు ఆన్ అని గుర్తు పెట్టుకోవచ్చును. ప్రయాణ సాధనముగా చెప్పినప్పుడు 'బై బస్' అనవలెను. కదలిక ఉన్నచోట తెలుగు 'లోకి' అంటుంది, ఆంగ్లము ఇంటు అంటుంది. ఈ జంట చక్కగా సరిపోతుంది. 'లెక్కల్లో దిట్ట' అనుటకు మాత్రము 'గుడ్ ఎట్ మ్యాథ్స్' అనవలెను. 'గుడ్ ఇన్ మ్యాథ్స్' అనుట భారతదేశములో చాలా వ్యాపించినది.

తో. 'కత్తితో కోశాడు' విత్ అవుతుంది. 'అతనితో చెప్పాను' అనుటకు విత్ రాదు. 'ఐ టోల్డ్ హిమ్' అనవలెను. 'అతనితో పెళ్ళి జరిగింది' అనుటకు 'మేరీడ్ విత్' అనుట ప్రసిద్ధమైన పొరపాటు. సరియైనది 'మేరీడ్ టు'.

మీద. బల్ల మీద, గోడ మీద అన్నప్పుడు ఆన్. 'చెట్టు మీద పిట్ట' అన్నప్పుడు ఇన్, ఎందుకనగా ఆంగ్లమున కొమ్మలు ఆకులు ఒక గూడుగా ఊహించబడినవి. తల మీదుగా విమానము పోతే ఓవర్.

నుండి. ఇది అన్నిటిలోకి కష్టమైనది. 'హైదరాబాదు నుండి' అన్నప్పుడు ఫ్రమ్, 'సోమవారం నుండి ఇక్కడే ఉన్నాను' అన్నప్పుడు సిన్స్, 'రెండేళ్ళ నుండి' అన్నప్పుడు ఫర్. పైగా కాలము కూడా మారుతుంది. 'రెండేళ్ళ నుండి ఇక్కడ ఉంటున్నాను' అను తెలుగు వాక్యములోని వర్తమాన కాలమును అట్లే ఉంచి 'ఐ యామ్ స్టేయింగ్ హియర్ ఫ్రమ్ టూ ఇయర్స్' అనేవారు కోకొల్లలు. ఆంగ్లము 'ఐ హేవ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అని కోరుతుంది. ఒక్క ప్రత్యయము వెనుక రెండు పొరపాట్లు దాగి ఉన్నవి, ఒకటి సరిదిద్దితే రెండవది మిగిలిపోతుంది.

పాలమూరు మాటల సహాయము

ఉపాధ్యాయులు పుస్తక భాషనే ఆధారముగా తీసుకొని బోధించుట వలన స్థానిక వాడుకలోని కొన్ని సౌకర్యములు మరుగున పడుతున్నవి. తెలంగాణ మాండలికములో సాధారణముగా స్థలమునకు 'కెల్లి', కాలమునకు 'సంది' వాడుతారు. 'ఊర్లకెల్లి వచ్చిండు' అంటే ఫ్రమ్. 'పొద్దుగాల సంది ఏం తినలే' అంటే సిన్స్. ప్రామాణిక భాష 'నుండి' అనే ఒకే మాటతో కలిపివేసిన రెండు అర్థములను ఈ మాండలికము విడిగా ఉంచినది. అయితే 'రెండేండ్ల సంది' అన్నప్పుడు సిన్స్ కాక ఫర్ వస్తుందని వేరుగా చెప్పవలసియే ఉంటుంది. మొదలైన క్షణము తెలిపితే సిన్స్, గడిచిన నిడివి తెలిపితే ఫర్.

ఎట్ అనే ప్రిపొజిషన్ కు పుస్తక భాషలో చక్కని సమానార్థకము దొరకదు. వాడుకలో 'కాడ' ఉన్నది. 'బస్టాండు కాడ కలుద్దాం' అంటే 'ఎట్ ద బస్ స్టాండ్', 'బస్టాండుల కూసున్నడు' అంటే 'ఇన్ ద బస్ స్టాండ్'. 'ఇంటికాడ ఉన్నడు' అంటే 'ఎట్ హోమ్'. చుట్టూ హద్దులు గల చోటుగా భావిస్తే ఇన్, ఒక బిందువుగా భావిస్తే ఎట్ అని ఆంగ్ల వ్యాకరణములు చెప్పే సూత్రమును కోస్గి పిల్లవాడు పుట్టినప్పటి నుండి పాటిస్తూనే ఉన్నాడు. అది యాస అని, తప్పు అని తరగతిలో వారించినప్పుడు పోయేది ఈ ఆధారమే.

కాలము విషయములో ప్రామాణిక తెలుగు కూడా బాగుగా తోడ్పడుతుంది. ఆరు గంటలకు, సోమవారం నాడు, జూలైలో అను మూడింటికి ఎట్, ఆన్, ఇన్ అదే వరుసలో సరిపోతాయి. 'ఐదు గంటలకల్లా' అంటే బై, 'ఐదు గంటల దాకా' అంటే టిల్, 'ఏడు రోజుల లోపల' అంటే వితిన్. కల్లా, దాకా అను రెండింటి తేడా తెలియని తెలుగువాడు ఉండడు. కాని బై, టిల్ లను తారుమారు చేయనివారు తక్కువ. దరఖాస్తు గడువులలో ఈ తేడాకు విలువ ఎక్కువ. 'బై 30 జూన్' అంటే ఆ తేదీ కల్లా అందవలెనని అర్థము. 'ఆఫ్టర్ ఫుడ్', 'బిఫోర్ ఫుడ్' అని మందుల చీటీపై ఉండే మాటలకు గల విలువ చెప్పనవసరము లేదు.

అక్కరలేనిచోట చేర్చుట, అవసరమైనచోట విడుచుట

కొన్ని ఆంగ్ల క్రియలు ప్రిపొజిషన్ లేకుండనే కర్మను గ్రహిస్తాయి. తెలుగులో వాటి సమానార్థకములకు ప్రత్యయముండుట వలన ఇక్కడివారు ఒకటి అదనముగా చేరుస్తారు. 'విషయము గురించి చర్చించారు' అనుట వలన 'డిస్కస్డ్ అబౌట్', 'గదిలోకి ప్రవేశించాడు' అనుట వలన 'ఎంటర్డ్ ఇంటు ద రూమ్', 'హైదరాబాదుకు చేరాడు' అనుట వలన 'రీచ్డ్ టు హైదరాబాద్' వచ్చినవి. 'నాకంటె సీనియర్' అనుట వలన 'సీనియర్ దేన్ మీ' వచ్చినది. ఆంగ్లములో 'సీనియర్ టు' అనవలెను. వీటిలో 'డిస్కస్ అబౌట్' భారతీయ ఆంగ్లములో ఎంతగా పాతుకొన్నదంటే చదువుకొన్నవారు కూడా తప్పుగా గుర్తించరు. మాటలలో దీనివలన నష్టము లేదు. పరీక్షలో మాత్రము మార్కు పోతుంది.

దీనికి విరుద్ధముగా 'పాటలు వింటాను' అనుటకు 'ఐ లిసన్ మ్యూజిక్' అని టు ను విడుచుట కలదు. తెలుగు ద్వితీయా విభక్తి జడపదములకు తరచు లోపిస్తుంది కనుక ఆంగ్లములోను ఖాళీగా వదిలివేయబడుతున్నది.

గణితములో ప్రిపొజిషన్లు

ఆంగ్ల మాధ్యమములో చదివే పిల్లలకు ప్రిపొజిషన్ ఆంగ్ల పీరియడుకు పరిమితమైన విషయము కాదు. 'సబ్‌ట్రాక్ట్ 5 ఫ్రమ్ 12' అన్నప్పుడు తెలుగులో '12 నుండి 5 తీసివేయుము' అంటాము. అంకెల వరుస తిరగబడినది. ఫ్రమ్ ను పట్టించుకోని విద్యార్థి కనిపించిన వరుసలో 5 - 12 అని వ్రాస్తాడు. '5 లెస్ దేన్ 12' అన్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. '12 కంటె 5 తక్కువ' అని తెలుగులో అనుకొంటే 7 అని వెంటనే తెలుస్తుంది.

వస్తువు ధర 40 రూపాయలున్నప్పుడు 'ఇంక్రీజ్డ్ టు 50' అంటే ధర 50 అయినది. 'ఇంక్రీజ్డ్ బై 50' అంటే 90 అయినది. తెలుగులో '50కి పెరిగింది', '50 పెరిగింది' అని ఒక్క ప్రత్యయముతో తేల్చివేస్తాము. లెక్క వచ్చినా జవాబు తప్పుతుంది, తప్పిన కారణము గణితము కాదు. మార్కులు చూసిన తల్లిదండ్రులకు, ఒక్కొక్కసారి ఉపాధ్యాయునికి కూడా పిల్లవాడు లెక్కలలో వెనుకబడినట్లే కనిపిస్తాడు.

'డివైడ్ 12 బై 3' అనే వాక్యమునకు తెలుగు మాధ్యమ పుస్తకములలోని '12ను 3చే భాగించుము' అచ్చముగా సరిపోతుంది. చే అంటే బై. ఇంటు అనే పదము మాత్రము చిక్కులు కలిగిస్తుంది. మన తరగతి గదులలో '4 ఇంటు 3' అంటే గుణకారము. 'డివైడ్ 12 ఇంటు 3 పార్ట్స్' అన్నప్పుడు భాగహారము. శాతముల లెక్కలలో ఆఫ్ కు 'లో' సమానము: '20 పర్సెంట్ ఆఫ్ 50' అంటే 50లో 20 శాతము, అనగా 10.

తెలంగాణ ప్రభుత్వము 2022-23 విద్యా సంవత్సరము నుండి ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమమును ప్రవేశపెట్టినది. ఒక పుటలో ఆంగ్లము, ఎదుటి పుటలో తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకములు అప్పుడే పంపిణీ చేయబడినవి. పైన చెప్పిన పోలికలకు ఈ పుస్తకములు మంచి సాధనము. ఒకే లెక్కను రెండు పుటలలో చదివి ఏ ప్రత్యయమునకు ఎదురుగా ఏ ప్రిపొజిషన్ ఉన్నదో గీత గీయుట, విడిగా జాబితాలు కంఠస్థము చేయుటకంటె మేలు. ఉమ్మడి మహబూబ్ నగర్ జిల్లా నుండి ముంబై, పూణే వంటి నగరములకు కూలి పనులకు వలస వెళ్ళే కుటుంబములు చాలాకాలముగా ఉన్నవి. ఇంటిలో ఆంగ్లము తెలిసినవారు లేని ఇటువంటి పిల్లలకు పుస్తకములోని తెలుగు పుటయే ట్యూషను మాస్టరు.

ఫ్రెంచి మాతృభాషగా గలవారితో పోలిక

ఫ్రెంచివారికి కూడా ఆంగ్ల ప్రిపొజిషన్లు కష్టమే గాని ఆ కష్టము వేరు రకము. ఫ్రెంచిలో ప్రిపొజిషన్లు ఆంగ్లములో వలెనే నామవాచకమునకు ముందు వస్తాయి. కనుక వారికి స్థానము కొత్త కాదు, ఎంపిక మాత్రమే కొత్త. తెలుగువారికి రెండూ కొత్తవి.

ఎంపికలో వచ్చే పొరపాట్లు మాత్రము ఆశ్చర్యకరముగా కలుస్తాయి. ఫ్రెంచిలో పెళ్ళికి 'తో' అనే అర్థము గల 'అవెక్' వాడుట కలదు. కనుక వారు కూడా 'మేరీడ్ విత్' అంటారు. వారి 'ఎకూతే' అనే క్రియకు ప్రిపొజిషన్ అక్కరలేదు. కనుక వారును 'లిసన్ మ్యూజిక్' అంటారు. గదిలోకి ప్రవేశించుటకు వారి భాషలో 'లో' అనే అర్థపు పదము కావలెను. కనుక 'ఎంటర్ ఇన్' అంటారు. 'రెండేళ్ళ నుండి' అనుటకు ఫ్రెంచిలో 'దెపుయి' అనే మాట ఉన్నది, దానితో వర్తమాన కాలమే వస్తుంది. ఆ మాటకు సిన్స్ అని నేర్చుకొన్న ఫ్రెంచివారు 'ఐ లివ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అంటారు. తెలుగువారి ఫ్రమ్ స్థానములో సిన్స్ వచ్చినది గాని కాలము విషయములోని పొరపాటు రెండు చోట్లా ఒకటే.

కొన్ని చోట్ల తెలుగువారికే సౌలభ్యము ఎక్కువ. 'ఆధారపడు' అనే క్రియకు తెలుగులో 'మీద' వస్తుంది, ఆంగ్లములో ఆన్ వస్తుంది. ఫ్రెంచిలో 'ద' వచ్చుట వలన వారు 'డిపెండ్ ఆఫ్' అంటారు. 'బస్సు కోసం ఎదురుచూచుట' ఆంగ్లపు 'వెయిట్ ఫర్' కు సరిపోతుంది; ఫ్రెంచి క్రియకు ప్రిపొజిషన్ లేనందున వారు ఫర్ ను మరచిపోతారు. పారిస్‌కు, పారిస్‌లో అను రెండింటికీ ఫ్రెంచిలో 'అ' అనే ఒకే మాట. తెలుగు వీటిని వేరుగా ఉంచుతుంది.

తెలుగునాట ఫ్రెంచి, ఆంగ్లము, తెలుగు కలసిన చోటు యానాం. గోదావరి తీరములోని ఈ పట్టణము 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండి, 1962లో చట్టరీత్యా భారతదేశములో విలీనమైనది. నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో భాగము. ఫ్రెంచి పాలనలో అధికార భాష ఫ్రెంచి, చుట్టుపక్కల ఉన్న బ్రిటిషు జిల్లాలలో ఆంగ్లము. ఇంటిలో తెలుగు మాట్లాడుతూ కచేరీలో ఫ్రెంచి వాడినవారికి విలీనము తరువాత ఆంగ్లము అవసరమైనది. ప్రిపొజిషన్ ముందు వస్తుందన్న సంగతి వారికి ఫ్రెంచి వలన అప్పటికే తెలిసి ఉండేది.

బోధన చరిత్ర

తెలుగు, ఆంగ్ల వ్యాకరణములను ఎదురెదురుగా ఉంచి చూచుట మొదట ఆంగ్లేయుల అవసరము కొరకు జరిగినది. విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో, ఎ.డి. కాంప్‌బెల్ వ్యాకరణము 1816లో, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వ్యాకరణము 1840లో వెలువడినవి. ఇవన్నీ తెలుగు నేర్చుకొనే ఆంగ్లేయుల కొరకు వ్రాయబడినవి. ఇప్పటి తెలుగు విద్యార్థి వీటిని తిరగవేసి చదువుకొంటే ఎంతో ప్రయోజనము.

కోస్గి ప్రాంతము ఉన్న హైదరాబాదు సంస్థానములో పరిస్థితి మద్రాసు రాజధానికంటె భిన్నము. 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో సాగేది, ఆంగ్లము తప్పనిసరి పాఠ్యాంశముగా ఉండేది. 1948లో సంస్థానము భారతదేశములో కలిసిన తరువాత ఉర్దూ స్థానములోకి ఆంగ్ల బోధన వచ్చినది. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడినది. ఉపాధ్యాయులకు ఆంగ్ల బోధనలో శిక్షణ ఇచ్చుట దీని ముఖ్యోద్దేశము. తరువాత ఫ్రెంచి మొదలైన విదేశీ భాషలు కూడా చేరి, 2007లో ఇది ఆంగ్ల మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా మారినది.

పాఠశాలలలో చిరకాలము ఏలినది రెన్, మార్టిన్ లు వ్రాసిన వ్యాకరణ పుస్తకము. 1930లలో వెలువడిన ఈ పుస్తకము నేటికీ అచ్చవుతున్నది. అందులోని ఖాళీలు పూరించే అభ్యాసములు ఆంగ్లము ఇదివరకే చెవిన పడినవారికి ఉపయోగపడతాయి. చెవిన పడనివారికి ఖాళీని ఊహతో నింపుట తప్ప మార్గము ఉండదు.

ఇతర వ్యాకరణ విషయములు

ప్రిపొజిషన్ల తరువాత తెలుగువారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఎ, ఏన్, ద అనే ఆర్టికల్స్. తెలుగులో ఇటువంటివి లేవు, ఫ్రెంచివారికి ఉన్నవి. తెలుగు వాక్యములో క్రియ చివర వస్తుంది, ఆంగ్లములో మధ్య వస్తుంది. తెలుగులో 'ఆమె వచ్చింది', 'బస్సు వచ్చింది' అని ఏకవచనములో స్త్రీకి, జడమునకు ఒకే క్రియారూపము వచ్చుట వలన షి, ఇట్ ల విషయములో కొంత తడబాటు ఉంటుంది. ఇవి సాధారణముగా కాలక్రమమున సర్దుకొంటాయి.

'గివ్ అప్', 'పుట్ ఆఫ్', 'లుక్ ఆఫ్టర్' వంటి క్రియాపదబంధములు వేరే సమస్య. వీటిలో అప్, ఆఫ్, ఆఫ్టర్ లకు విడి అర్థము వెదకరాదు. తెలుగులో 'పెట్టు', 'పెట్టుకొను', 'పెట్టివేయు' అను మూడింటి అర్థములు వేరైనట్లే, ఇక్కడ కూడా జంటను ఒకే మాటగా గ్రహించవలెను. 'లుక్ ఆఫ్టర్' ను 'చూసుకొను' అని, 'లుక్ ఎట్' ను 'చూచు' అని, 'లుక్ ఫర్' ను 'వెదకు' అని మూడు వేర్వేరు క్రియలుగా నేర్చుకొన్నవారికి ప్రిపొజిషన్ గురించి ఆలోచించవలసిన పనే ఉండదు. నామవాచకములకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది: హోమ్ అని కాక 'ఎట్ హోమ్' అని, టైమ్ అని కాక 'ఆన్ టైమ్', 'ఇన్ టైమ్' అని జంటగా వ్రాసుకొనవలెను. 'ఆన్ టైమ్' అంటే సరిగ్గా వేళకు, 'ఇన్ టైమ్' అంటే వేళ మించకముందే. ఉదయము బస్సు పట్టుకోవలసినవారికి రెండవది కావలెను.